అమెజాన్ ఇంటర్వ్యూకి కోడింగ్ ఒక్కటే వస్తే సరిపోతుందా?

అమెజాన్ హైదరాబాద్‌లో ఎస్‌డీఈ (సాఫ్ట్‌వేర్ ఇంజినీర్) ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని, కోడింగ్ ప్రాబ్లమ్స్ సాధన చేసే సైట్ లీట్‌కోడ్ బాగానే చేశానని, తమవాళ్లు ఎలా పనిచేయాలో అమెజాన్ రాసుకున్న ఆ లీడర్‌షిప్ ప్రిన్సిపల్స్ నిజంగా పట్టించుకుంటారా లేక తూతూమంత్రమేనా అని అడిగారు. బాగా పట్టించుకుంటారండీ. కోడ్ చక్కగా రాసి కూడా అక్కడే ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు.

నేను కొన్నేళ్ల అనుభవంతో ఎస్‌డీఈ-2కి, అంటే ఎస్‌డీఈ-1 పై మెట్టుకి వెళ్లాను. ముందు ఆన్‌లైన్ టెస్ట్. దాని గురించి చెప్పేదేం లేదు, లీట్‌కోడ్ మీడియం ప్రాబ్లమ్స్ తడుముకోకుండా చేయగలిగితే గట్టెక్కుతారు. ఆ తర్వాత లూప్ అంటారు, ఒక్కోటి దాదాపు గంట చొప్పున వరుసగా రౌండ్లు. నాకు అన్నీ వీడియో కాల్‌లోనే జరిగాయి. కోడింగ్, సిస్టమ్ డిజైన్ (పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ఎలా అమర్చాలో చెప్పడం) ఎలాగూ ఉంటాయి. కానీ ప్రతి రౌండ్‌లోనూ చాలాసేపు మన పాత పని గురించే అడుగుతారు, లీడర్‌షిప్ ప్రిన్సిపల్స్‌కి మనం ఎంతవరకు సరిపోతామో చూడటానికి. ఆ ప్రిన్సిపల్స్ 2021 దాకా 14 ఉండేవి, ఇప్పుడు 16. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని ముందే తలా కొన్ని పంచుకుని వస్తారు. అందుకే ఒకరు గడువు దాటిపోయిన పని గురించి అడిగితే, ఇంకొకరు మేనేజర్ మాటకు ఎదురు చెప్పిన సందర్భం అడుగుతారు.

వాళ్లలో ఒకరు బార్ రైజర్. మనల్ని తీసుకునే టీమ్‌తో సంబంధం లేని మనిషి. మనుషులు అర్జెంటుగా కావాలి కదా అని టీమ్ వాళ్లు ఎవరినో ఒకరిని తీసేసుకోకుండా ఈ ఏర్పాటు. ఆ మనిషి ఒప్పుకోకపోతే మేనేజర్‌కి మనం ఎంత నచ్చినా ఆఫర్ రాదు. బార్ రైజర్ ఎవరో నాకు చెప్పలేదు గానీ, పోల్చుకోవడం కష్టం కాలేదు.

ఆవిడ కోడ్ ఊసే ఎత్తలేదు. ఒక సమస్య మూలం దాకా వెళ్లి తేల్చిన సందర్భం చెప్పమన్నారు. పాత కంపెనీలో రాత్రిపూట నడిచే సెటిల్‌మెంట్ జాబ్, అంటే చెల్లింపుల లెక్కలు తేల్చే ప్రోగ్రామ్ గురించి చెప్పాను. తెల్లారేసరికి అయిపోవాల్సింది, ఆఫీసు తెరిచాక కూడా నడుస్తూనే ఉండేది. డేటాబేస్ టేబుల్‌కి ఇండెక్స్ (డేటా త్వరగా వెతకడానికి వాడే సూచీ) మార్చి, పనిని బ్యాచ్‌లుగా విడగొట్టి దారికి తెచ్చాం. ఇంతే చెప్పి ఆపాను. అక్కణ్నుంచి తవ్వడం మొదలుపెట్టారు. ఇండెక్సే కారణమని ఎలా తేల్చారు? డేటాబేస్ చూసుకునే డీబీఏ ఒప్పుకున్నారా? లేకపోతే ఏం చూపించి ఒప్పించారు? కొత్త ఇండెక్స్‌తో ఇన్‌సర్ట్‌లు (కొత్త డేటా చేర్చడం) నెమ్మదించలేదా? బ్యాచ్ మధ్యలో ఫెయిలైతే అదే డబ్బు రెండుసార్లు వెళ్లిపోదా? ప్రతి బ్యాచ్‌కీ ఒక ఐడీ పెట్టి, అది పూర్తయినట్టు నమోదై ఉంటే మళ్లీ ముట్టుకోకుండా చేశామని చెప్పాను. ఆ ముక్క రాసింది నేనే కాబట్టి బతికిపోయాను. పక్క సీటతని పనిని నాదని చెప్పుకుని ఉంటే రెండో ప్రశ్నకే నోరు పెగిలేది కాదు.

కాబట్టి టెలిగ్రామ్‌లో తిరిగే రెడీమేడ్ కథల జోలికి పోకండి. మీ పాత మెయిళ్లు, జిరా టికెట్లు (ఆఫీసు పనులు నమోదు చేసే యాప్‌లోని ఎంట్రీలు) ముందేసుకుని కూర్చోండి. ఎవరు అడ్డుచెప్పారు, ముందు ఎంత టైమ్ పట్టేది, తర్వాత ఎంతకు దిగింది, ఇవన్నీ ఒక చోట రాసుకోండి. క్లయింట్ల పేర్లు మాత్రం బయటపెట్టొద్దు, అది వాళ్లకూ నచ్చదు.

కొద్ది రోజుల్లోనే రిక్రూటర్ ఫోన్ చేసి సెలెక్ట్ అయ్యానని చెప్పారు. ఆ రోజుల్లోనే ఇంకో కంపెనీ, పేరెందుకులెండి, అన్ని రౌండ్లూ తిప్పి, జీతం స్లిప్పులు కూడా తీసుకుని, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. దాంతో పోలిస్తే అవుననో కాదనో ఒక మాట చెప్పడమే పదివేలు.

మీది ఎస్‌డీఈ-1 అయితే సిస్టమ్ డిజైన్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఏయే రౌండ్లు ఉంటాయో రిక్రూటర్‌నే అడిగేయండి, చెబుతారు. ప్రిపరేషన్‌కి టైమ్ చాలకపోతే లూప్ తేదీ కాస్త జరపమనండి. నేను అడిగితే మారుమాట లేకుండా జరిపారు.