వీధరుగు: ఎండలో బెంచీ ఎవరికి?

(వీధులూ కూడళ్ళూ బొమ్మల గురించి పాఠకుల ప్రశ్నలకి విజయనగరం రిటైర్డ్ డ్రాయింగు మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరం, అయ్యకోనేరు గట్టు దగ్గర. మా వీధి మొగలో ఈమధ్య స్టీలు బెంచీలు వేశారు. చూడ్డానికి తళతళలాడుతున్నాయి. మా అత్తగారు ఓసారి కూర్చుని, "ఇదేటమ్మా, పెనం మీద కూకోబెట్టినారు" అని మళ్ళీ అటు పోలేదు. ఇంకో విడత వేస్తారట, ఎలాంటివి కావాలో చెప్పమంటున్నారు. ఏం చెప్పమంటారు?
- ఓ గృహిణి

జవాబు: ఆవిడన్న మాటే రాసివ్వండమ్మా. అంతకంటే మంచి నివేదిక ఏ ఇంజినీరూ రాయలేడు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కూర్చోవడం కష్టం కాదు, లేవడం కష్టం. సీటు సుమారు పద్ధెనిమిది అంగుళాల ఎత్తుండాలి, పక్కన పట్టుకు లేవడానికి చెయ్యి ఉండాలి, వీపుకి ఆనుడు ఉండాలి. ప్లాను గీసేవాళ్ళు మరిచిపోయేది ఇంకోటుంది. లేచేటప్పుడు మన పాదాలు వెనక్కి, సీటు కిందకి పోతాయి. సీటు కింద సిమెంటుతో గోడలా మూసేస్తే మడమ తగులుతుంది, పెద్దవాళ్ళు ముందుకి తూలతారు. నమ్మకం లేకపోతే ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి, చేతులు ఆన్చకుండా లేచి చూడండి.

ఇక ఎండ. స్టీలూ, నల్ల గ్రానైటూ మన మధ్యాహ్నాలకి పనికిరావు. కర్ర పలకలు కాలవు గానీ, వానకీ చెదలకీ తట్టుకోవాలంటే ఏటేటా నూనె పట్టించే నాథుడుండాలి. ఉండడు. నా ఓటు లేత రంగు మొజాయిక్ పలకకి, అదీ చెట్టు కింద. చెట్టు లేని చోట ముందు కానుగ మొక్క నాటి, నాలుగేళ్ళాగి బెంచీ వేసినా నాకు అభ్యంతరం లేదు. పాత పెంకుటిళ్ళ వీధరుగులకి పైన చూరుండేది, వెనక గోడుండేది, పట్టుకోవడానికి స్తంభముండేది. తాపీమేస్త్రి కట్టేశాడు, డిజైనరెవరూ లేరు. రోడ్ల వెడల్పులో అవి పోయాయి, ఇప్పుడు టెండరు పిలిచి బెంచీలు కొనుక్కుంటున్నాం.

ఎటు తిప్పి వేస్తారో కూడా అడగండి. కోనేటివైపు తిప్పాలని చదువుకున్నవాళ్ళంటారు. ముసలివాళ్ళు మాత్రం రోడ్డువైపే కావాలంటారు, వచ్చేపోయేవాళ్ళని పలకరించాలి కదా! రెండు బెంచీలు మూలమట్టంగా కలిపి వేస్తే ఇద్దరి మాటా నెగ్గుతుంది, పైగా మెడ తిప్పకుండా కబుర్లు చెప్పుకోవచ్చు.

రంగుల బొమ్మ చూపించి సంతకం పెట్టమంటే పెట్టకండి. ఒక్క బెంచీ నమూనాగా వేసి, మే నెలంతా ఉంచి, ఆ తర్వాత అభిప్రాయం అడగమనండి. ఈ మాట వార్డు సచివాలయంలో ఎమెనిటీస్ సెక్రటరీకి కాగితం మీదే ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు చక్రాల కుర్చీలో తిరుగుతారు. మా దగ్గర ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా ఇనప గుంజలు పాతారు. ఇప్పుడు కుర్చీ పట్టదు.
- శ్రీకాకుళం నుంచి ఓ కొడుకు

జవాబు: బాబూ, గుంజకీ గుంజకీ మధ్య కనీసం 90 సెంటీమీటర్లుండాలి, 1.2 మీటర్లయితే హాయి. అంత వదిలితే బైకూ దూరుతుందంటారు. దూరుతుంది. దాన్ని ఆపాల్సింది పోలీసు, దాని కోసం మీ నాన్నగారిని ఆపకూడదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్ మీద 1.8 మీటర్లు అడ్డులేని నడక దారి ఉండాలనీ, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదనీ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టాన్నీ అర్జీలో రాయండి. టేపు పెట్టి కొలిచిన ఫొటో జతచేస్తే సగం వాదన అయిపోయినట్టే.

ప్రశ్న: మా కూడలి మధ్యలో మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం పెడదామని కుర్రాళ్ళం చందాలు పోగుచేశాం. పెద్దలు వద్దంటున్నారు. మీరేమంటారు?
- శ్రీకాకుళం యువకులు

జవాబు: పెద్దల మాట వినండి. రోడ్ల మీదా, ఫుట్‌పాత్‌ల మీదా విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. అయినా, వీరఘట్టంలో పుట్టి ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్న మనిషిని సిమెంటులో బిగించి, మెడలో దండ ఎండబెట్టడమెందుకు? మీ ఊరి స్టేడియానికి ఆయన పేరుండనే ఉంది. ఆ చందాతో, అనుమతి తీసుకుని, ఏదైనా పార్కులో కసరత్తు కమ్మీలు పాతించి పక్కన ఆయన కథ నాలుగు వాక్యాలు రాయించండి. కుర్రగుంటలు వేలాడతారు, ఆ నాలుగు వాక్యాలూ చదువుతారు.

ప్రశ్న: ప్రహరీ గోడల మీద సవర గిరిజనుల బొమ్మలు వేయిస్తున్నారు. ఊరికి అందం వచ్చిందా, లేదా?
- పాలకొండ నుంచి ఓ ఉపాధ్యాయిని

జవాబు: అందం వచ్చింది తల్లీ, పేరు మాత్రం రాలేదు. సవరలు ఇంట్లో ఎర్రమట్టి అలికిన గోడ మీద, బియ్యప్పిండి కలిపి, పుల్ల మొనతో వేస్తారు. పెద్దలకో దేవుళ్ళకో మొక్కుగా వేసే బొమ్మ అది. దాన్ని స్టెన్సిల్ పెట్టి కాంట్రాక్టరు మనుషులు కొట్టేస్తే గోడ నిండుతుంది, అంతే. సీతంపేట వైపు నుంచి వేసేవాళ్ళనే పిలిచి, ఏ బొమ్మ వీధిలో వేయొచ్చో ఏది కూడదో వాళ్ళనే చెప్పనిచ్చి, కూలి కాకుండా పారితోషికమిచ్చి, కింద పేరు రాయించాలి.

గోడ సంగతీ చూసుకోవాలి. వెనక మట్టి ఆనుకున్న గోడకి చెమ్మ దిగితే ఎంత ఖరీదు రంగైనా బుడగలు లేచి రాలిపోతుంది, ముందు నీళ్ళు పోయే కన్నాలు పెట్టాలి. కింది మూడడుగులూ గరుకు రాయి వదిలెయ్యండి. అక్కడేం పడుతుందో మీకు తెలుసు. దేవుడి టైల్సు అతికించి ఆపడం నాకెప్పుడూ నచ్చలేదు, దేవుడికది శిక్ష.

ప్రశ్న: విజయనగరమంటే కూడళ్ళలో వీణ బొమ్మా, వయొలిన్ బొమ్మేనా మాస్టారూ?
- కంటోన్మెంటు నుంచి ఓ విద్యార్థి

జవాబు: 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుని తొలి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టుకున్న ఊరికి వీణ మీద మోజు సహజమే. కాకపోతే ఈసారి ఫైబరు వీణ కనిపిస్తే లెక్కపెట్టు: తీగలు ఏడు, మెట్లు ఇరవై నాలుగు ఉన్నాయా? బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లి ఇక్కడికి ఎంతో దూరం కాదు. అక్కడ పనస దుంగని తొలిచేవాళ్ళకి ఓసారి నమూనా చూపిస్తే పోయేదానికి, ఆ ఓపిక ఉండదు.

మన ఊళ్ళో జనానికి గుర్తుండిపోయినవి పనికొచ్చిన వస్తువులే. మూడు లాంతర్ల కూడలికి ఆ పేరు దీపాల వల్ల వచ్చింది. 1885 నాటి గంటస్తంభం టైము చెప్పింది కాబట్టి ఊరంతా దాన్నిబట్టి దారి చెప్పుకుంది. కొత్తగా ఏదైనా కట్టాలంటే అలాంటిది అడుగు: నీడ, మంచినీళ్ళు, చదవగలిగిన వీధి పేరు.

ఆ ప్రాంతంలో దిమ్మలూ పూలతొట్లూ దీపస్తంభాలూ వేసేవాళ్ళకి మరో మాట. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ గుడి నుంచి కోటకి సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. చివర పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను మలుపు తిరగడానికి ఎంత జాగా కావాలో, ఆ జనంలో కాలికి తగిలిన తొట్టి ఏం చేస్తుందో ఏసీ గదిలో ప్లాను గీస్తే తెలీదు. ఆ దారిలో ఏం పెట్టినా బోల్టు విప్పి తీసేలా ఉండాలి. పండగయ్యాక మళ్ళీ బిగించే బాధ్యత ఎవరిదో టెండరు కాగితంలోనే రాయాలి.