ఫీనిక్స్ సన్స్ జిమ్మీ బట్లర్‌ను ఎందుకు తెచ్చుకోలేకపోయింది?

2025 జనవరిలో బాస్కెట్‌బాల్ స్టార్ బట్లర్ తన జట్టు మయామీని వదిలేస్తానన్నప్పుడు, సన్స్ జట్టు ఇద్దరు ముగ్గురు మామూలు ఆటగాళ్లను ఇచ్చి అతన్ని తీసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అలా కుదరదు. ట్రేడ్‌లో, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకునేటప్పుడు, ముందు చూసేది ఆట కాదు, జీతం.

జీతాల మొత్తం ‘సెకండ్ ఏప్రన్’ అనే గీత (2024-25లో దాదాపు 18.9 కోట్ల డాలర్లు) దాటిన జట్టు, ఇద్దరి జీతాలు కలిపి ఒక స్టార్‌కు సరిపెట్టకూడదు. ఇచ్చిన జీతం కన్నా ఒక్క డాలరు కూడా ఎక్కువ తెచ్చుకోకూడదు. సన్స్ అప్పటికే ఆ గీత దాటేసింది.

బట్లర్ జీతం దాదాపు 4.9 కోట్ల డాలర్లు. అంత జీతమున్నవాళ్లు సన్స్‌లో ముగ్గురే. జట్టుకు ప్రాణమైన డ్యూరంట్‌నో బుకర్‌నో ఇచ్చేస్తే ఇక బట్లర్ వచ్చి లాభమేంటి? మిగిలింది బ్రాడ్లీ బీల్. తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు అతని కాంట్రాక్టులో ఉంది. అది రాసిచ్చింది వాషింగ్టన్ జట్టు. 2023లో బీల్‌ను అక్కడి నుంచి తెచ్చుకుంటూ సన్స్ ఆ షరతును తెలిసే నెత్తిన పెట్టుకుంది. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది.

చివరికి బట్లర్ గోల్డెన్ స్టేట్‌కు వెళ్లాడు. ఆ వేసవిలోనే సన్స్ బీల్‌కు డబ్బు కట్టి మరీ వదిలించుకుంది.