పగిలిన ప్లాస్టిక్ ట్యాంకుకి గమ్ము రాస్తే నిలుస్తుందా?

మిద్దె మీది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు పగిలింది, గట్టిగా అతికించే గమ్ము ఏదైనా ఉందా అని అడిగారు.

లేదు. అంగళ్లో మామూలుగా దొరికే వాటిలో లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అవన్నీ నేను రాసి చూసినవే.

నాది తిరుపతిలో మోటార్ వైండింగ్ అంగడి. 22 ఏళ్లుగా రాగి తీగ, వార్నిష్, రెసిన్ మధ్యనే బతుకుతున్నాను. అతికించే విద్య నాకు ఒకరు నేర్పాలా అనుకునేవాణ్ణి. అక్కడే దెబ్బ తిన్నాను.

రెండేళ్ల కిందట మే నెల, గంగమ్మ జాతర వారం. పుత్తూరు నుంచి మా ఆవిడ తరఫు వాళ్లంతా దిగారు. పిల్లాజెల్లా కలిపి పద్నాలుగు మంది. రోజుకో వేషం కట్టే ఆ జాతరలో బైరాగి వేషం నాడు పొద్దున్నే మిద్దె ఎక్కితే ట్యాంకు అడుగున, పైపు బయటికొచ్చే చోటికి జానెడు దూరంలో తడి కనిపించింది. గుడ్డతో తుడిచి చూస్తే వెంట్రుకంత పగులు. వేలితో నొక్కితే నోరు తెరుచుకుని నా చొక్కా మీదికే నీళ్లు చిమ్మింది.

ట్యాంకు ఖాళీ చేశాను. మే నెల ఎండ కాబట్టి గంటలో ఆరిపోయింది. గరుకు కాగితంతో బాగా రుద్ది, రెండు ట్యూబుల ఎపాక్సీ సమానంగా కలిపి, అరచేయంత వెడల్పున మందంగా పట్టించాను. ఆ రోజంతా చెయ్యి పెట్టనివ్వలేదు. మర్నాడు బండ వేషం. గోటితో కొడితే రాయి మీద కొట్టినట్లు టక్కుమంది. మోటార్ వేసి ట్యాంకు నింపి, కిందికి దిగి మీసం మెలేశాను.

ఆ తర్వాతి రోజు తోటి వేషం. మా ఊరి వాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: ఆ రోజు ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని, వేపాకు కట్టుకుని గుడికి పోతారు. మా ఇంటి పిల్లలు ఆరుగురూ వెళ్లొచ్చి, నల్లగా కళ్లు మాత్రమే మెరుస్తూ బాత్‌రూమ్ ముందు వరుసగా నిలబడ్డారు. పెద్దవాడు లోపలికి వెళ్లి రెండు చెంబులు పోసుకున్నాడో లేదో, కొళాయి బుస్సుమని ఆగిపోయింది.

పైకి పరుగెత్తాను. ట్యాంకు ఖాళీ. నేను పట్టించిన ఎపాక్సీ మొత్తం ఒకే బిళ్లగా ఊడి, మిద్దె మీది నీళ్లలో అప్పడంలా పడి ఉంది. తిప్పి చూశాను. గరుకు కాగితంతో గీసిన గీతలన్నీ వెనక వైపు అచ్చు దిగినట్లు ఉన్నాయి, ఒక్క గీత పోలేదు. కానీ ట్యాంకు ప్లాస్టిక్ దానికి రవ్వంతైనా అంటుకోలేదు. రెండు చేతులతో వంచితే విరగలేదు కూడా. అంత గట్టిది!

వెనకే వచ్చిన మా బావమరిది దాన్ని చూసి, "ఏం బావా, మా పుత్తూరు కట్టు కట్టించింటే ఈపాటికి అతుక్కోని ఉండును గదా" అన్నాడు. ఎముకలకు కట్టే కట్టు అది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎదురింటి నుంచి బిందెలతో నీళ్లు మోసింది నేనే. మెట్ల మీద ఆ బొగ్గు పాదాల ముద్రలు దీపావళికి సున్నం కొట్టించే దాకా ఉన్నాయి.

ఆదివారం భోజనానికి మా అక్క కొడుకు వచ్చాడు. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఆ బిళ్లను చేతిలోకి తీసుకుని, "మామా, గమ్ములో తప్పేం లేదు. దానిలో అది ముడిపడింది. నీ ట్యాంకుతో ముడిపడలేదు" అన్నాడు. అన్నం తింటూ వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ.

ప్లాస్టిక్ అంటే పొడవాటి దారాల లాంటి అణువులు. ట్యాంకుకి వాడే పాలిథీన్‌లో ఆ దారాలు ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉంటాయి అంతే, ఒకదానికొకటి కట్టేసి ఉండవు. వేడి చేస్తే జారిపోతాయి, అందుకే కరుగుతుంది. ఎపాక్సీలో రెండో ట్యూబులోని హార్డెనర్ వచ్చి దారాలను అడ్డంగా వందల చోట్ల కట్టేస్తుంది. అంతా కలిసి ఒకటే వలైపోతుంది. దీన్నే క్రాస్‌లింకింగ్ అంటారు. బెల్లం కరిగించి గడ్డ కట్టించి మళ్లీ కరిగించొచ్చు. ఉడికిన గుడ్డును మాత్రం మళ్లీ ఎన్నిసార్లు వేడి చేసినా పచ్చిసొన కాదు. ట్యాంకు బెల్లం జాతి, గట్టిపడ్డ ఎపాక్సీ గుడ్డు జాతి.

వినగానే నాకు సిగ్గేసింది. వార్నిష్‌లో ముంచిన కాయిల్‌ను ఓవెన్‌లో గంటల తరబడి ఉంచేది ఇందుకే కదా! అది ఆరడానికి అనుకునేవాణ్ణి. తడి ఆరాక అసలు పని మొదలవుతుంది, వేడికి ముడులు పడతాయి. కానీ చెబితే ఎవరు వింటారు? "అన్నా, పైరు ఎండతా ఉంది, సాయంత్రానికి మోటర్ ఇచ్చేయాల" అని నెత్తిన కూర్చుంటారు. సగం కాల్చిన కాయిల్ తీసుకెళ్లి వెయ్యి అడుగుల బోరులో దించి, వారానికి కాలిపోతే మళ్లీ నా మీదే కేకలు. ఇంకొందరు తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ రెండింతలు పోస్తారు. అదేమైనా ఆరబెట్టే మందా? ముడి వేసే చెయ్యి అది. ఎన్ని దారపు కొసలుంటే అన్ని చేతులే కావాలి. ఎక్కువైతే పట్టుకోవడానికి ఏమీ దొరక్క చేతులు ఊరికే వేలాడతాయి, అతుకు బలం తగ్గుతుంది.

మరి ఆ చేతులు ట్యాంకును ఎందుకు పట్టుకోలేదు? పాలిథీన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, అంతే. పట్టుకోవడానికి పిడి లేని చెంబు లాంటిది. కొవ్వొత్తి మైనానికి దగ్గరి చుట్టం. దాని మీద నీళ్లు చల్లితే పరుచుకోకుండా బొట్లు బొట్లుగా నిలబడతాయి, గమ్ము సంగతీ అంతే. చిటికెలో అంటుకునే గమ్ము అమ్మే ఆ చిన్న బుడ్డి ఏ ప్లాస్టిక్‌తో చేస్తారో ఎప్పుడైనా చూశారా? ఎక్కువగా పాలిథీన్‌తోనే. గమ్ము బుడ్డికే అంటుకుంటే అమ్మేదెలా!

అలాగని పాలిథీన్‌కు ముడి వేయలేమని కాదు. మీ ఇంటికి వచ్చే సర్వీస్ కేబుల్ మీద ఎక్స్ఎల్‌పీఈ అని ఉంటే అది ముడి వేసిన పాలిథీనే. ఎక్స్ఎల్ అంటే పెద్ద సైజు అనుకుని "మీడియం లేదా అన్నా" అని అడిగినవాడు మా అంగడికే వచ్చాడు. అందులో సైలేన్ పద్ధతి అని ఒకటుంది. తీగ మీద తొడుగు పోశాక వేడినీళ్లలోనో ఆవిరిలోనో పెడితే ఆ నీళ్లే ముడులు వేయిస్తాయి. మామూలు పీవీసీ తీగ 70 డిగ్రీల దాకా తట్టుకుంటే ఇది 90 దాకా తట్టుకుంటుంది. టైరు రబ్బరుదీ ఇదే కథ. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేసినప్పుడు ముడి వేసింది గంధకమే. లేకపోతే రేణిగుంట రోడ్డులో మే నెల మధ్యాహ్నం టైర్లు బంకలా సాగేవి.

మా మేనల్లుడు చెప్పిన వాటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. 2019లో కెనడాలో విక్టోరియా, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాల వాళ్లు ఒక అణువు తయారు చేశారు. దానికి రెండు తలలు. వేడి చేస్తే రెండు తలల నుంచీ నైట్రోజన్ గాలి ఎగిరిపోతుంది. మిగిలినది ఎంత ఆకలిగా ఉంటుందంటే, పిడి లేని కార్బన్-హైడ్రోజన్ బంధంలోకి కూడా దూరిపోతుంది. ఒక తల ఈ దారాన్ని, ఇంకో తల పక్క దారాన్ని పట్టుకుంటే ముడి పడినట్లే. దానితో పాలిథీన్ ముక్కలు అతికించారు, బాగా బలమైన రకం పాలిథీన్ దారాలతో నేసిన బట్టను ఇంకా గట్టి చేశారు. చిక్కేమిటంటే అది పని చేయాలంటే వంద డిగ్రీలు దాటిన వేడి కావాలి, ట్యాంకు ప్లాస్టిక్కేమో 120 దగ్గర కరుగుతుంది. మిద్దె మీద వేడిని ఆ రెండు అంకెల మధ్యే ఎవరు నిలబెడతారు? అయినా పదేళ్లలో ఇది హార్డ్‌వేర్ అంగళ్లకు వస్తుందని నా పందెం.

అందాకా మీకు పనికొచ్చేది ప్లాస్టిక్ వెల్డింగే. జాతర అయిన మర్నాడు నేను చేయించింది అదే. వచ్చినతను పగులును కత్తితో కొంచెం వెడల్పు చేసి, తన సంచిలోంచి పాత ట్యాంకు ముక్క తీసి పట్టీలుగా కోశాడు. వేడిగాలి గన్‌తో రెండింటినీ ఒకేసారి కరిగించి పట్టీని పగులులోకి ఒత్తాడు. బెల్లంతో బెల్లం కలిసినట్లు కలిసిపోయింది. 600 రూపాయలు తీసుకున్నాడు. రెండేళ్లయింది, చుక్క కారలేదు.

పోయే ముందు అతను ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చి, "దిమ్మె ఒక పక్క రెండంగుళాలు దిగింది సార్, అందుకే పగిలింది" అన్నాడు. ట్యాంకు పెట్టిన రోజు మేస్త్రీ ఎత్తు సరిపోలేదని ఇటుక ముక్కలు దోపి పోయాడు, నేనూ చూసుకోలేదు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, ఇటుక ముక్క మీద ఎన్నాళ్లు నిలుస్తుంది? మీ పగులు ఎక్కడుందో మీరు రాయలేదు. అడుగున అయితే వెల్డింగ్ వాడికి ఫోన్ చేసే ముందు దిమ్మె చూసుకోండి. పైన, ఎండ పడే వైపు పెళుసుగా పెచ్చులు లేస్తుంటే మాత్రం ఆ ప్లాస్టిక్ పని అయిపోయింది, కొత్త ట్యాంకు కొనుక్కోవడమే.

ఆ ఎపాక్సీ బిళ్ల ఇంకా నా దగ్గరే ఉంది. అంగట్లో బిల్లులు ఎగిరిపోకుండా పైన పెట్టుకుంటున్నాను.