రాతిపలకల మీద పుదీనా వాసన

ప్రశ్న: ఈ జులైలో మేము కెనడాలోని ఒంటారియోలో, హ్యూరన్ సరస్సు ఒడ్డున బ్రూస్ ద్వీపకల్పం చూడటానికి వెళ్లాము. అక్కడి జాతీయ ఉద్యానవనంలో చదునైన బండ మీద నడుస్తుంటే కాళ్ల కింద నుంచి పుదీనా వాసన గుప్పుమంది. వంగి చూస్తే రాతి పగుళ్లలో లేత ఊదా పూలతో జానెడు ఎత్తు మొక్కలు కనిపించాయి. అది అడవి పుదీనాయేనా? వేరుతో తెచ్చి కుండీలో నాటుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, టొరంటో

జవాబు: మీరు చెప్పిన చోటును, పూల రంగును బట్టి అది అక్కడివారు లైమ్‌స్టోన్ సేవరీ అనీ లో కాలమింట్ అనీ పిలిచే మొక్క అయి ఉండాలి. శాస్త్రీయ నామం క్లైనోపోడియం ఆర్కన్సానం. పుదీనా, తులసి ఉన్న కుటుంబానిదే గాని, పుదీనా ప్రజాతిది మాత్రం కాదు. ఈసారి వెళ్లినప్పుడు కాడను వేళ్ల మధ్య మెల్లగా తిప్పి చూడండి, నాలుగు పలకలు తెలుస్తాయి. నేలను అంటుకుని పాకే రెమ్మలకు చిన్న చిన్న గుండ్రటి ఆకులూ, పూలు పూసే నిటారు రెమ్మలకు సన్నటి కోల ఆకులూ ఉంటాయి కనుక, ఒకే మొక్కను రెండుగా పొరబడటం సులభం. ఆకుల్లోని సూక్ష్మమైన నూనె గ్రంథులు అడుగు పడి చిట్లడం వల్లనే మీకు ఆ వాసన తగిలింది.

ఆ బండ డోలమైట్ (మెగ్నీషియం ఉండే ఖనిజం) కలిసిన సున్నపురాయి. మన బేతంచెర్ల, తాండూరు నాపరాయికి వరసైనదే. 40 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు అలా రాయిగా మారగా, మంచుయుగపు హిమానీనదాలు దాని మీది మట్టిని చాలావరకు గీకేశాయి. ఇలాంటి నేలను ఆల్వార్ అంటారు (స్వీడిష్ మాట, మన ఆళ్వారులకు సంబంధం లేదు). వసంతంలో నీరు నిలిచి, వేసవిలో పెనంలా కాలే ఆ పగుళ్లలో పొడవాటి గడ్డి, చెట్లు నిలదొక్కుకోలేవు కాబట్టే ఈ చిన్న మొక్కకు ఎండ దక్కుతుంది. హ్యూరన్ కూడా ఉన్న గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల నుంచి, అమెరికా మధ్యభాగంలోని ఓజార్క్ కొండల మీదుగా టెక్సాస్ వరకు ఇది సున్నపురాతినే వెతుక్కుంటుంది.

వేరుతో తేవడం మాత్రం కూడదు. జాతీయ ఉద్యానవనంలో మొక్కను పీకడం చట్టరీత్యా నేరం. స్థానిక జాతి మొక్కలు పెంచి అమ్మే నర్సరీల్లో అడగండి. పుదీనాకు పోసినట్టు రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. సున్నపురాతి కంకర ఎక్కువగా, మట్టి తక్కువగా కలిపి, నీరు నిలవని వెడల్పాటి కుండీలో, రోజంతా ఎండ తగిలే చోట పెట్టండి. పచ్చడికి మాత్రం ఆశపడకండి, కుండీ మొత్తం దూసినా గుప్పెడు ఆకు రాదు.