హెవీ లైసెన్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 21 ఏండ్లు. చదువు ఏడో తరగతితో ఆగింది. కారు లైసెన్స్ వచ్చి ఎనిమిది నెలలైంది. గ్రానైట్ లారీ మీద క్లీనర్‌గా పోతున్నాను. రోడ్డు ఖాళీగా ఉంటే డ్రైవర్ అన్న స్టీరింగ్ ఇస్తాడు. హెవీ లైసెన్స్ ఇప్పుడే తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇంకో నాలుగు నెలలు ఆగాలి. లారీకి ఎల్‌ఎల్‌ఆర్ (లర్నర్ లైసెన్స్) కావాలంటే 20 ఏండ్లు నిండి ఉండాలి, ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండి) లైసెన్స్ వచ్చి ఏడాది కావాలి. చదువు అడ్డం రాదు. ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధనను 2019లోనే తీసేశారు.

ఈ నాలుగు నెలలు మాత్రం స్టీరింగ్ ముట్టుకోకండి. ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా మీరు నడిపితే మీతో పాటు బండి ఇచ్చిన డ్రైవర్ మీదా కేసు అవుతుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం భారం చివరికి ఓనర్ మీద పడవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక అదే డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా నేర్చుకోండి. బండికి ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. అట్ట కనీసం 18 సెంటీమీటర్ల చదరం.

ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తుకు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కావాలి. 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేటు చదవగలరా, ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలుస్తుందా అన్నది డాక్టర్ అందులో రాస్తారు. కళ్లద్దాలతో చదివినా పర్వాలేదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. అప్పటికి శిక్షణ పూర్తయిందని డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 చేతిలో ఉండాలి. డబ్బు కడితే చాలు, బండి ఎక్కకుండానే ఫారం 5 ఇస్తామనే చోటికి పోవద్దు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఏ స్కూల్లో చేరినా స్టీరింగ్ ఎన్ని గంటలు ఇస్తారని ముందే అడగండి. మీకు దగ్గర్లో రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవర్ల శిక్షణ కేంద్రం, టైడ్స్, ఉంది. అక్కడా కనుక్కోండి.

ప్రశ్న: టెస్టులో ఎత్తు మీద ఆపి ఎత్తుకోమంటే బండి వెనక్కి జారుతోంది. రివర్స్ కూడా వంకర పోతోంది.
– పరకాల

జవాబు: జారడానికి కారణం తొందర. ఎత్తు మీద ఆపగానే పార్కింగ్ బ్రేక్ వేయండి. మొదటి గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి క్యాబిన్ సన్నగా వణికే చోట కాలు ఆపండి. క్లచ్ పట్టుకున్న గుర్తు అదే. అప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి పార్కింగ్ బ్రేక్ వదలండి. వణుకు రాకముందే బ్రేక్ వదిలితే బండి జారుతుంది. వణుకు వచ్చాక కూడా క్లచ్ లేపుతూ పోతే ఇంజిన్ ఆగుతుంది. ఇంకో సంగతి: ఎయిర్ బ్రేక్ లారీలో పార్కింగ్ బ్రేక్‌ను పట్టి ఉంచేది స్ప్రింగ్, విడిపించేది గాలి. ట్యాంకులో గాలి నిండకపోతే లివర్ వదిలినా చక్రాలు కదలవు. అందుకే స్టార్ట్ చేశాక గాలి ప్రెషర్ మీటరు ముల్లు ఎక్కేదాకా ఆగాలి.

రివర్స్ వంకర పోయేది స్టీరింగ్ ఎక్కువ తిప్పడం వల్ల. నడక వేగం కంటే తక్కువలో, రెండు అద్దాలూ మార్చి మార్చి చూస్తూ, వెనక టైరుకీ గీతకీ మధ్య ఉన్న సందు మీద కన్ను పెట్టండి. సందు మారడం మొదలవగానే పావు చుట్టు సరిచేయండి, వెంటనే తిరిగి తిన్నగా తెచ్చుకోండి. అనుమానం వస్తే ఆపండి. మలుపుల్లో కారు అలవాటు పనికిరాదు. లారీలో మీరు ముందు చక్రాల మీదో, వాటికి ముందో కూర్చుంటారు. మలుపు అంచు మీ సీటు దాటాకే తిప్పాలి. లేకుంటే వెనక టైర్లు లోపలికి కోసుకొచ్చి గీత ఎక్కేస్తాయి.

ప్రశ్న: నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు కొందరు. నిజంగా మిగులుతుందా?
– మంచిర్యాల

జవాబు: మిగలదు, ప్రాణం మీదికి వస్తుంది. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజిన్లు దిగుడులో డీజిల్ దాదాపు తీసుకోవు. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ తిరగడానికి తీసుకుంటూనే ఉంటాయి. పైగా ఇంజిన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేక్ డ్రమ్ములు కాగి, వాటిని ఒత్తి పట్టే లైనింగ్ పట్టు వదిలేస్తుంది. పెడల్ మాటిమాటికీ తొక్కితే గాలి కూడా తగ్గుతుంది. దిగుడు మొదలవకముందే గేర్ తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగదారిని మూసి వేగం తగ్గించేది) వేసుకోండి. పొద్దున బండి తీసేముందు ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదలండి. ఇంజిన్ ఆపి, బండి కదలకుండా చూసుకుని, పెడల్ నిమిషం సేపు తొక్కి పట్టి ముల్లు పడుతోందా, ఎక్కడైనా ‘సుయ్’మంటోందా వినండి. లీకు దొరికితే బాగు చేయించాకే బండి తీయాలి.

ప్రశ్న: చిన్న డీసీఎంకి (లారీ కంటే చిన్న సరుకుల బండికి) హెవీ లైసెన్స్ అవసరమా?
– హన్మకొండ

జవాబు: ఆర్సీలో గ్రాస్ వెయిట్ (సరుకుతో కలిపి బండి మొత్తం బరువు) చూడండి. 7,500 కిలోల లోపైతే ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. డీసీఎం అని పిలిచే బండ్లన్నీ ఆ లెక్కలోకి రావు.

ప్రశ్న: హెవీ లైసెన్స్ ఉంది. డీజిల్ ట్యాంకర్ మీద పోవాలని ఉంది. ఇంకేం కావాలి?
– భూపాలపల్లి

జవాబు: ప్రమాదకర సరుకుల రవాణాపై మూడు రోజుల శిక్షణ పూర్తి చేసి, లైసెన్స్ మీద ఆ ఎండార్స్‌మెంట్ (అనుమతి) రాయించుకోవాలి. ఇక్కడ చదువు లెక్కలోకి వస్తుంది: తెలుగు లాంటి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ కూడా చదవడం, రాయడం రావాలి. ఈ లైసెన్స్ మూడేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కు ఒక రోజు రిఫ్రెషర్ కోర్సు తప్పనిసరి. మామూలు హెవీ లైసెన్స్ అయిదేళ్లు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టు పెడతారు కాబట్టి తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.