21 రోజులు చేస్తే ఏ పనైనా అలవాటవుతుందా?

తెల్లవారుజామున లేచి చదవడం 21 రోజులు పట్టుబట్టి చేసినా అలవాటు కాలేదని, లోపం తనలోనే ఉందా అని ఒకరు అడిగారు. లోపం ఆ లెక్కలోనే ఉంది. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తర్వాత రోగులకు తమ కొత్త ముఖం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడేసరికి "కనీసం" జారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పని తలచుకోకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పడుతుంది. మనిషిని, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారుతుందని అంచనా వేశారు (12 వారాలు దాటిన రోజులు లెక్కగట్టినవే). మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా తేడా రాలేదన్నది నాకు అన్నిటికన్నా ఊరటనిచ్చిన విషయం.

రోజుల లెక్క కన్నా, ఆ పనిని రోజూ తప్పక జరిగే మరొక పనికి ముడిపెట్టడం ముఖ్యం. తిరుపతిలో బ్యాంకు పరీక్షకు చదివే రోజుల్లో, పక్కింట్లో సుప్రభాతం మొదలవగానే లేచి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు ఒక లెక్క చేసేవాణ్ణి. ఆ పేజీ తెరిచి, పైన పెన్ను పెట్టి, పుస్తకాన్ని రాత్రే పొయ్యి గట్టు మీద ఉంచేవాణ్ణి (పాలు రెండుసార్లు పొంగిపోయాయి, అది వేరే సంగతి). దర్శనానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండినప్పుడు అదీ తప్పేది. వాళ్లను బస్సెక్కించిన మర్నాడు మళ్లీ ఆ పాలగిన్నె దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి.