కాలు ముందా, భయం ముందా?

ప్రశ్న: సార్, మొన్న మా బత్తాయి తోటల నీళ్లు చూద్దామని పోతే గడ్డిల నల్లగ వంకరటింకరగ ఏందో కనవడ్డది, పామనుకొని ఎగిరి దుంకిన, చూస్తే డ్రిప్పు పైపు! గుండెదడ, భయం అన్నీ దుంకినంకనే తెలిసినయ్. మరి దుంకమన్నదెవరు? ఇంకోటి, మా అన్న ప్రతిదానికి 'ఫీలింగ్స్ పక్కనవెట్టి ఆలోచించు' అంటడు, అది అయ్యే పనేనా?
– ఒక పాఠకుడు, హాలియా

జవాబు: దుంకింది నువ్వే తమ్ముడూ, కాకపోతే నీకు చెప్పకుండ దుంకినవ్. జోసెఫ్ లెడూ అనే అమెరికా సైంటిస్టు ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, దాంతోపాటే చిన్న షాక్ ఇచ్చి చూసిండు. ఆ శబ్దం కబురు మెదడు నడుమనున్న థాలమస్ దాక వచ్చి రెండు తొవ్వలు పడుతది, ఒకటి సీదా అమిగ్డాలాకు, అంటే ప్రమాదమని ఒంటిని లేపే, బాదంపలుకు లెక్కుండే చిన్న భాగానికి, ఇంకోటి మెదడు పైపొరైన కార్టెక్స్‌ల తిరిగి, 'ఇంతకూ ఇదేంది' అని తరచి చూసినంక అక్కడికే. సీదా పోయింది మసకగ ఉంటది గని జల్ది చేరుతది. మనుషుల చూపుల ఈ అడ్డతొవ్వ ఎంత పనిచేస్తదన్నదాని మీద ఇంకా లొల్లి నడుస్తనే ఉంది. 1884లనే విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, భయపడి ఉరుకుడు కాదు, ఉరుకుతం కాబట్టే భయమైతది అని రాసిండు. మరి మంచంల పండుకొని బాకీ గురించి భయపడెటోని సంగతేంది? అప్పుడు గూడ గుండె కొట్టుకుంటది గద అనేటోడేమో ఆయన.

ఇగ మీ అన్న మాట. ఆంటోనియో డమాసియో అనే న్యూరాలజిస్టు దగ్గరికి, నుదురు ఎనక మెదడు దెబ్బతిన్న ఒకాయన వచ్చేటోడు, తెలివికేం తక్కువ లేదు, ఫీలింగే మొద్దువారింది. మళ్ల ఎప్పుడొస్తవని రెండు తారీఖులు చెప్తే, డైరీ తీసి, ఆరోజు వేరే పనుందా, వాతావరణం ఎట్లుంటది అనుకుంట దాదాపు అరగంట లెక్కలేసిండు! ఆఖరికి డాక్టరే రెండో తారీఖు రమ్మంటే, 'సరే' అని డైరీ మూసి లేచిపోయిండు. ఇగ చాలు, ఇదే బాగుంది అని లోపటినుంచి చెప్పేది లేకుంటే ఆలోచన అట్ల తిరుగుతనే ఉంటది, మీ అన్నకు ఈ ముచ్చట చెప్పు.

ప్రశ్న: మా అమ్మ ముచ్చట్లు చెప్పుకుంటనే జొన్నరొట్టె కొడ్తది, చెయ్యి దానంతటదే తిరుగుతది. ఇదీ అసొంటిదేనా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: కాదమ్మా. బెదిరి దుంకుడు పుట్టుకతోనే వస్తది, రొట్టె కొట్టుడు నేర్చుకుంటేనే వస్తది. మొదట్ల అంచులు పగులుతుంటే మనసువెట్టి కొట్టిందే మీ అమ్మ గూడ, కొట్టంగ కొట్టంగ ఆ పనిని మెదడు లోపట బేసల్ గాంగ్లియా అనే, అలవాటైన పనులు చూసుకునే భాగం అందుకున్నది. పిండి జిగురు లేని రోజు చూడు, ముచ్చట ఆగుతది.